ట్యాన్సీ పేరు కొట్టేసిన రోజు

వెర్నా హౌగ్స్‌రుడ్‌ని ఊళ్ళో ఎవరూ చెడ్డమనిషి అనలేదు. కానీ పోటీల రోజు ఆమె గేటు దగ్గర అట్టా పెన్సిలూ పట్టుకుని నిలబడిందంటే, కుక్కల్ని తెచ్చినవాళ్ళు బండి ఆపకముందే గొంతు సవరించుకునేవారు.

వారమంతా ఆమె ఓల్స్‌బీ బడి వంటింట్లో మూడొందల మంది పిల్లలకి వండేది. మిగిలిన పొద్దంతా వేటకుక్కల రిట్రీవర్ క్లబ్బుదే. పంతొమ్మిదేళ్ళుగా ఆ క్లబ్బుకి ఆమే సెక్రటరీ. విస్కాన్సిన్‌లో ఆ మూల ఏటా సెప్టెంబరులో, చిత్తడినేలల పక్కన మూడు రోజులు ఫీల్డ్ ట్రయల్ అనే కుక్కల పోటీ జరుగుతుంది. తుపాకీ పేలుతుంది, బాతు ఎక్కడో రెల్లులో పడుతుంది, కుక్క పడ్డచోటు గుర్తుపెట్టుకుని నీళ్ళు ఈది దాన్ని నోట కరచుకుని తేవాలి. చూడ్డానికి అంతే. అయితే ఏ కుక్క ఏ పోటీకి అర్హమో తేల్చేది మాత్రం వెర్నా భోజనాల బల్ల మీదే. పోస్టులో వచ్చిన ప్రతి దరఖాస్తునూ ఆమె పుట్టిన తేదీతో, యజమాని పేరుతో, వెనకటి ఫలితాలతో సరిచూసేది.

రెండేళ్ళు నిండని కుక్కల పోటీకి ఒకసారి ఒకాయన తెచ్చిన కుక్కకి సరిగ్గా పోటీ మొదలయ్యే రోజునే రెండేళ్ళు నిండాయి. "రాత్రి తొమ్మిదింటికి పుట్టిందండీ. పొద్దున్నకి ఇంకా నిండనట్టేగా?" అన్నాడాయన. "కాయితంలో తారీఖుంది నాయనా, గడియారం లేదు" అంది వెర్నా. ఆ మాట చెప్పుకుని క్లబ్బులో చాలాకాలం నవ్వుకున్నారు.

నవ్వుకోని సంగతులూ ఉన్నాయి. ఎదకు వచ్చిన ఆడకుక్క పోటీకి అర్హం కాదు సరికదా, ఆ నేల మీదే అడుగు పెట్టకూడదు. దాని వాసన తగిలితే మగకుక్కలకి బాతు లేదు, యజమాని లేడు, ఏళ్ళ తరబడి నేర్చిన చదువు లేదు. అందుకే వెర్నా గేటు దగ్గర ఆడకుక్క ఉన్న ప్రతివాళ్ళ చేతా "ఎదలో లేదు" అని పైకి అనిపించేది. రెండేళ్ళ కిందట సౌత్ డకోటా నుంచి బర్డెట్ క్వామ్ అనే మొక్కజొన్న రైతు పదకొండు గంటలు బండి నడుపుకుని వచ్చి, గేటు దగ్గర తలుపు తీసి చూసుకుని, "అయ్యో, ఎదకు వచ్చినట్టుందండీ" అన్నాడు. దాచాలనుకుంటే దాచగలిగేవాడు. వెర్నా అతని దరఖాస్తు మీద గీత కొట్టింది. అతను టోపీ తీసి, "అంతేలెండి" అని బండి వెనక్కి తిప్పుకున్నాడు. కాఫీ తాగి వెళ్ళమని కూడా తాను అనలేదని ఆమెకి తర్వాత గుర్తొచ్చింది.

ఆమె భర్త ఓరిన్ పాల ట్యాంకరు నడిపేవాడు. కిందటి నవంబరులో పక్షవాతం వచ్చి కుడిపక్కంతా పడిపోయింది. చేతికర్రతో నడక వచ్చింది గానీ మాట తిరిగి రాలేదు. అవును, లేదు, కాఫీ, కుక్క, మరో రెండు బూతులు, అంతే. బూతులు మాత్రం నీళ్ళలా వచ్చేవి. "అవైనా మిగిలినందుకు సంతోషించు" అని అతని స్నేహితులు వేళాకోళం చేసేవారు. పెళ్ళాం పేరు మాత్రం రాలేదు. "వె... వె..." అని నోరు తెరిచి, చివరికి గోడకేసి తిరిగిపోయేవాడు. మాట పలికించే డాక్టరమ్మ దగ్గరికి వారానికి రెండుసార్లు వెళ్ళేవారు. అక్కడ కూడా అంతే.

అతనికి మిగిలింది ట్యాన్సీ. ఏడేళ్ళ నల్ల లాబ్రడార్. పిల్లప్పటినుంచీ అతనే పెంచాడు, అతనే నేర్పాడు. జాతీయ పోటీకి వెళ్ళాలంటే ఆ ఏడాదిలో ఎక్కడో ఒకచోట మొదటి స్థానం రావాలి. ట్యాన్సీకి రెండో స్థానాలు, మూడో స్థానాలు ఎన్నోసార్లు వచ్చాయి, మొదటిది ఎప్పుడూ రాలేదు. వచ్చే ఏటికి దాని కాళ్ళలో సత్తువ ఉంటుందో ఉండదో. ఓరిన్‌కి అసలే లేదు. పెదవి వంకరపోయినవాడు ఈల ఊదలేడు, ఈల లేకపోతే దూరాన ఉన్న కుక్కని ఆపలేడు. ఆ చలికాలమంతా అతను కొట్టంలో నిలబడి ఈలని ఎడమ దవడ పళ్ళ మధ్య ఇరికించుకుని, చొంగ గడ్డం మీదికి కారుతుంటే ఊదుతూ ఉండడం వెర్నా కిటికీలోంచి చూసేది. మార్చిలో మొదటిసారి సరైన ఈల వచ్చింది. ఇంటి మెట్ల మీద పడుకున్న ట్యాన్సీ లేచి బుద్ధిగా కూచుంది. వెర్నా చేతిలో పళ్ళెం అలాగే పట్టుకుని ఏడ్చింది.

ఆ సెప్టెంబరు పోటీ, వాళ్ళు ఆ ఏడాది వెళ్ళగలిగినవాటిలో ఆఖరిది. శుక్రవారం రెండు పరీక్షలు గడిచాయి. శనివారం నీళ్ళ అవతల దాచిపెట్టిన బాతుని ఓరిన్ ఈలతో, ఎడంచేత్తో దారి చూపించి తెప్పించాడు. ఆదివారం పొద్దున్నకి తొమ్మిది కుక్కలు మిగిలాయి. జడ్జీలు పైకి చెప్పరు గానీ, వాటిలో ట్యాన్సీ ముందుందని చూసిన ప్రతివాడికీ తెలుసు.

ఆఖరి పరీక్షకి ఇంకా గంటన్నర ఉంది. ఓరిన్ చెరువుకేసి కుర్చీ వేసుకుని కూచున్నాడు. బోను గడియ అతని చేతికి లొంగదు కాబట్టి, ట్యాన్సీని కాసేపు తిప్పుదామని వెర్నా పికప్ ట్రక్కు దగ్గరికి వెళ్ళింది. గడియ తియ్యగానే కుక్క కిందికి దూకింది. బోనులో పరిచిన పాత తెల్ల తువ్వాలు మీద పావలాకాసంత ఎర్రటి మచ్చ.

ముందు ఆమెకి తోచింది ఒక్కటే. గాయం. గాజుపెంకో, ముల్లో. గడ్డిలో మోకాళ్ళ మీద కూలబడి ట్యాన్సీ ముందుకాలు ఎత్తి, వేళ్ళు విడదీసి చూసింది. ఏమీ లేదు. రెండోది. వెనకవి. గోళ్ళు ఒక్కొక్కటే నొక్కింది. నోరు తెరిచి చిగుళ్ళు చూసింది, చెవులు తిరగేసింది. ఎక్కడైనా ఒక చిన్న కోత, ఒక విరిగిన గోరు కనిపించమని దేవుణ్ణి అడుగుతూ వెతికింది. ట్యాన్సీ ఇదేదో ఆట అనుకుని ఆమె చెంప నాకింది. చివరికి తోక ఎత్తి చూడక తప్పలేదు. ఉబ్బి ఉంది. అనుమానానికి తావు లేదు.

ట్యాన్సీ ఎదకు రావలసింది నవంబరులో. వంటింటి క్యాలెండరులో వెర్నాయే రాసి పెట్టుకుంది. రెండు నెలలు ముందే వచ్చేసింది. శుక్రవారం గేటు దగ్గర అందరినీ అడిగింది. తన బండిలోనే, తన పక్కనే కూచుని వచ్చిన మనిషిని మాత్రం అడగలేదు.

ఆమె తువ్వాలు తీసి చంకలో పెట్టుకుని, కుక్కని బోనులో పెట్టి, ఓరిన్ దగ్గరికి నడిచింది. కుర్చీ పక్కన వంగి తువ్వాలు మడత విప్పి చూపించింది.

అతను దానికేసి ఎక్కువసేపు చూడలేదు.

"నీకు తెలుసా?" అంది.

"అవును."

"ఎప్పట్నించీ?"

అతను ఎడంచెయ్యి ఎత్తి రెండు వేళ్ళు చూపించాడు. రెండు రోజులు. తర్వాత చొక్కా జేబులోంచి చిన్న సీసా తీశాడు. లోపల ఆకుపచ్చ మాత్రలు. ఎద మొదటి రోజుల్లో వాసన తెలియకుండా వేటగాళ్ళు ఆడకుక్కలకి మింగించేవి. సగం అయిపోయాయి. ఆ సీసా మూత ఒంటిచేత్తో ఎలా తీశాడో, ఎన్నిసార్లు కింద పడేసుకున్నాడో.

"ఓరిన్, నేను సెక్రటరీని" అంది, గొంతు పెంచకుండా. "మిగతావాళ్ళని గేటులోంచి తిప్పి పంపినదాన్ని. నాకేం దారి ఉందో చెప్పు. ఇప్పుడే వెళ్ళి పేరు తీయిస్తాను. ఒంట్లో బాలేదని విరమించుకున్నావని చెబుదాం. సరేనా?"

"లేదు."

"మాట విను. ఎవరూ ఏమీ అనరు."

"లేదు. లేదు." అతను ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఎడంచేతిలో బలమంతా అలాగే ఉంది. నోరు తెరిచాడు. మెడనరాలు బిగుసుకున్నాయి. ఏ బూతో వస్తుందనుకుంది. "వె..." అన్నాడు. ఆగాడు. కళ్ళు మూసుకుని మళ్ళీ పట్టాడు. "వెర్... నా."

పది నెలల తర్వాత.

"వెర్నా" అన్నాడు మళ్ళీ, ఈసారి సుళువుగా, తానే ఆశ్చర్యపోతూ. కళ్ళలోంచి నీళ్ళు జారుతున్నాయి. "ఒక్క... సారి. వెర్నా."

ఆమె తువ్వాలుని మచ్చ లోపలికి పోయేలా మడిచింది. ఇంకోసారి మడిచింది. లేచి జాబితా అట్ట తీసుకుని కుక్కల్ని వదిలే గీత దగ్గరికి, తాను నిలబడవలసిన చోటికి వెళ్ళిపోయింది. దారిలో ఎవరో కాఫీ ఇచ్చారు. అది చల్లారేదాకా చేతిలోనే ఉంది.

వరసలో ట్యాన్సీ మూడోది. ఓరిన్ కర్రతో గీత దాకా నడవడానికే రెండు నిమిషాలు పట్టింది. మూడు తుపాకులు ఒకదాని తర్వాత ఒకటి పేలాయి, మూడు బాతులు పడ్డాయి, అన్నిటికన్నా దూరంది చెరువు అవతలి రెల్లులో. ట్యాన్సీ గడ్డిలో కూచుని మూడింటినీ చూసింది. ఎక్కడా తడుముకోలేదు. ఆఖరిదానికి గట్టు చుట్టూ పరుగెత్తకుండా నేరుగా నీళ్ళలో పడి, గాలి పక్కకి తోస్తున్నా గీసిన గీతలా ఈదుకుంటూ పోయి తెచ్చింది. ఓరిన్‌కి ఈల ఊదే పనే పడలేదు. పోటీల్లో అలాంటి పరుగు ఏళ్ళకోసారి కనిపిస్తుంది. ముసలివాళ్ళు కూడా లేచి చప్పట్లు కొట్టారు. వెర్నా తల ఎత్తలేదు.

నాలుగోది మిన్నెసోటా నుంచి ఒకావిడ తెచ్చిన ఆడకుక్క. బాగానే చేసింది. అయిదోది బర్డెట్ క్వామ్ తెచ్చిన పసుపురంగు మగకుక్క, బార్లీ. ఎనిమిదేళ్ళది, నెమ్మదైనది, ఈ మూడు రోజుల్లో ఒక్క తప్పూ చెయ్యలేదు. సరిగ్గా ట్యాన్సీ కూచున్నచోటే అతను దాన్ని కూచోబెట్టాడు.

బార్లీ ముక్కు కిందికి దిగింది.

"బార్లీ, అటు చూడు" అన్నాడు క్వామ్ మెల్లిగా. మొదటి తుపాకీ పేలింది. కుక్క తల ఎత్తలేదు. రెండోది పేలింది. గడ్డి వాసన చూస్తూనే ఉంది. మూడోదానికి ఒక్క క్షణం చూసి మళ్ళీ దించేసింది. పంపితే పది గజాలు వెళ్ళి, సిగ్గులేకుండా తిరిగొచ్చి అదేచోట గుండ్రంగా తిరిగింది. క్వామ్ ఈల ఊదాడు, పిలిచాడు, చివరికి ఎర్రబడ్డ మొహంతో టోపీ తీసి దాని మూతి మీద ఒక్కటి కొట్టాడు. జడ్జీ తల అడ్డంగా ఊపాడు. గొలుసు తగిలించుకుని తీసుకుపొమ్మని అర్థం.

దాని తర్వాత వచ్చిన మగకుక్క రెండు బాతులు తెచ్చి మూడోది మరిచిపోయింది. జనంలో గుసగుసలు మొదలయ్యాయి.

క్వామ్ వెర్నా పక్కనుంచే నడిచాడు. ఆగాడు.

"చూశారాండీ, ఎలా చేశాడో? ఎనిమిదేళ్ళలో నేను వీడి మీద చెయ్యెత్తింది లేదు. ఇంతమందిలో కొట్టాను. వీడి తప్పు కాదేమో. కళ్ళు పోతున్నాయో, బుర్రే పోతోందో. మా నాన్న కుక్క కూడా చివర్లో ఇలాగే అయింది. డాక్టరుకి చూపిస్తాను. ఇంక వీణ్ణి పోటీలకి తీసుకురానండీ. అయిపోయింది."

బార్లీ అతని మోకాలికి తల ఆనించి నిలబడింది. కొట్టినందుకు బాధ ఉన్నట్టు లేదు. ఏం తప్పు చేశానో చెప్పమన్నట్టు పైకి చూస్తోంది.

అతను వెళ్ళిపోయాడు. వెర్నా వెనక్కి తిరిగి చూసింది. చెరువు ఒడ్డున ఓరిన్ ట్యాన్సీ మెడ చుట్టూ చెయ్యేసి, దాని చెవిలో ఏదో అంటున్నాడు. నవంబరు నుంచి ఆ మొహంలో చూడని వెలుగు. దాన్ని ఇప్పుడు తన చేత్తోనే ఆర్పాలి. ఆర్పకపోతే, ఏ లోపమూ లేని బార్లీని పనికిరాదని ఒక మనిషి ఇంటికి తీసుకుపోతాడు. ఈ రెంటి మధ్య మూడో దారి ఉందేమోనని ఆమె నిజంగా వెతికింది. పంతొమ్మిదేళ్ళుగా తిరగేసిన నిబంధనల పుస్తకం ఆమెకి కంఠతా వచ్చు. అందులో ఎక్కడా లేదు.

ఆమె కమిటీ పెద్ద మైలో ప్రొహాస్కా దగ్గరికి వెళ్ళి తువ్వాలు చేతిలో పెట్టింది.

"కమిటీని పిలు మైలో. ట్యాన్సీ ఎదలో ఉంది."

మైలో ఆమెతో చిన్నప్పుడు బళ్ళో చదువుకున్నవాడు. తువ్వాలు చూశాడు, చుట్టూ చూశాడు, గొంతు తగ్గించాడు. "నువ్వేం పశువుల డాక్టరువి కాదు కదా. ఇప్పుడే చూశావు, అంతేనా? పరుగయ్యాక చూశావు. అలా రాసుకుందాం. ట్యాన్సీ పేరు ఎలాగూ పోతుంది, నువ్వెందుకు పోవడం?"

"పరుగుకి గంటన్నర ముందే చూశాను. అలాగే రాయి."

"వెర్నా..."

"కాదులే, నేనే రాస్తాను. అది నా పనేగా."

గుడారంలో మడతబల్ల మీద ఆమే రాసింది. ట్యాన్సీ ఎదకు వచ్చినట్టు పోటీకి ముందే తాను చూశాననీ, చెప్పకుండా దాచాననీ రాసి సంతకం పెట్టింది. రెండు రోజుల సంగతి రాయలేదు. మాత్రల సంగతి రాయలేదు. ఓరిన్ పేరు యజమాని అన్నచోట తప్ప ఇంకెక్కడా రాలేదు. పంతొమ్మిదేళ్ళలో ఆమె తెలిసి అసంపూర్తిగా నింపిన కాయితం అదొక్కటే. తర్వాత జాబితాలో ట్యాన్సీ పేరు మీద గీత కొట్టింది.

వాసన వల్ల పరుగు చెడిన కుక్కలకి మళ్ళీ అవకాశం ఇమ్మని కొందరు అడిగారు. ఒకసారి పరుగు చూశాక చూడనట్టు ఉండలేమన్నారు జడ్జీలు. మొదటి స్థానం మిన్నెసోటా ఆవిడకి పోయింది.

క్వామ్ బండి దగ్గరికి వెర్నా ఒక్కతే వెళ్ళింది. మొత్తం చెప్పింది. "మీవాడికి ఏ జబ్బూ లేదండీ. వాడి కళ్ళు బాగానే ఉన్నాయి. నా వల్ల జరిగింది."

"ఆ ఏడు నన్ను ఈ గేటులోంచి తిప్పి పంపారు" అన్నాడు క్వామ్.

"అవునండీ."

"పదకొండు గంటల దారి. ఇంటికెళ్ళి మా ఆవిడతో మీ గురించి గొప్పగా చెప్పాను." వెనక తలుపు తీసి, బోనులోకి సగం ఎక్కి, బార్లీ మూతిని రెండు చేతుల్లో పట్టుకుని, "క్షమించరా, క్షమించరా నాన్నా" అంటూ ఉండిపోయాడు. వెర్నా అక్కడినుంచి వచ్చేసింది.

ఇంటిదారిలో ఓరిన్ ఒక్కసారి కూడా ఆమెకేసి చూడలేదు. ఆ రోజు అతని నోట వచ్చిన ఆమె పేరు మళ్ళీ రాలేదు. రానివ్వలేదో, నిజంగానే పోయిందో ఆమెకి తెలియలేదు. డాక్టరమ్మ అడిగితే తల అడ్డంగా ఊపేవాడు. ఇలాంటి క్లబ్బులన్నిటికీ పైనున్న సంస్థ నుంచి అక్టోబరులో ఉత్తరం వచ్చింది. వెర్నా మూడేళ్ళపాటు ఏ పోటీలోనూ ఏ పనీ చెయ్యకూడదు, పోటీ నేల మీదికి రాకూడదు. క్లబ్బు కొత్త సెక్రటరీని పెట్టుకుంది. కిరాణాకొట్లో తెలిసినవాళ్ళు పలకరించడం మానలేదు, కానీ ఆమె వెళ్ళాక మాట్లాడుకునేవారు. అన్నాళ్ళూ అందరి మెడలూ వంచి, తన మొగుడి కుక్క దగ్గరికొచ్చేసరికి దాచేసిందన్నారు. అది అబద్ధమూ కాదు. ఆమె బడిలో బంగాళాదుంపలు తరుగుతూ, ఒక్కోసారి చేతిలో కత్తితో అలాగే నిలబడిపోయేది.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం బడినుంచి వచ్చేసరికి భోజనాల బల్ల మీద కాయితాలు చెదిరి ఉన్నాయి. చాలావరకు నలిపి పారేసినవి. ఓరిన్ ఎడంచేత్తో పెన్సిలు పిడికిలితో పట్టుకుని రాస్తున్నాడు. ఆమె భుజం మీదుగా చూసింది. చిన్నపిల్లలు రాసినట్టు వంకర అక్షరాలు. "నాకు తెలుసు. శుక్రవారం. మాత్రలు నేను. ఆమె కాదు." కింద సంతకం పావుపేజీ ఆక్రమించింది.

"ఎన్నాళ్ళనించి రాస్తున్నావు?" అంది.

అతను నలిగిన కాయితాల కుప్ప చూపించాడు.

"ఇది సంస్థకి పంపితే నిన్ను ఇంకెప్పుడూ రానివ్వరు. తెలుసా?"

"అవును."

"నాకేమీ అక్కర్లేదు ఓరిన్. నేనూ దాచాను, అది నిజం. నాకు పడాల్సిందే పడింది."

"అవును" అన్నాడు మళ్ళీ, కవరుకేసి చూపిస్తూ. మొండిగా. ఆమె చించేయబోయింది. అతను కాయితం మీద అరచెయ్యి వేసి నొక్కిపెట్టాడు. ఇద్దరూ అలా ఒక కాయితాన్ని చెరోవైపు పట్టుకుని కొంతసేపు ఉన్నారు. ముందు వదిలింది వెర్నాయే. కవరు మీద చిరునామా ఆమే రాసింది.

ఏప్రిల్లో జవాబు వచ్చింది. ఓరిన్‌ని జీవితకాలం బహిష్కరించారు. వెర్నా శిక్షలో ఏడాది తగ్గించారు. ఓరిన్ ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివించుకుని, కర్ర తీసుకుని కొట్టంలోకి వెళ్ళి ట్యాన్సీ పక్కన కూచున్నాడు. ఆమె వెనకాలే వెళ్ళి పక్కన గడ్డిమోపు మీద కూచుంది. అతను ఆమె చెయ్యి తీసుకోలేదు, అలాగని లేచి వెళ్ళిపోనూ లేదు.

ఓరిన్ ఆ తర్వాత రెండేళ్ళు బతికాడు. శిక్ష గడువు తీరాక క్లబ్బువాళ్ళు మళ్ళీ సెక్రటరీగా రమ్మని మైలోని పంపారు. వెర్నా అతనికి కాఫీ ఇచ్చి, ఆపిల్ కేకు ముక్క కోసిపెట్టి, రానని చెప్పింది.